రాష్ట్రం ఎంత పెద్దదైతే దేశమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక విషయం చుట్టూనే తిరిగాయి. మన రాష్ట్రాన్ని ఫలానా దేశంతో పోల్చవచ్చా, అమెరికా గవర్నరూ మన గవర్నరూ ఒకటేనా, రాష్ట్రాన్ని విడదీసే హక్కు ఎవరిది అని అడిగారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: తెలంగాణ వైశాల్యం 1,12,077 చదరపు కిలోమీటర్లు. బల్గేరియా కూడా దాదాపు అంతే. జనాభాలో మాత్రం తెలంగాణ దానికి అయిదు రెట్ల పైమాటే. అయినా అది దేశం, ఇది రాష్ట్రం. ఇంతుంటే దేశం అనే కొలత ఏదైనా ఉందా? (ఖమ్మం)

అలాంటి కొలత ఏదీ లేదు. కరీబియన్ సముద్రంలో సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అని రెండు దీవుల దేశం ఉంది. జనాభా సుమారు 50 వేలు, అంటే మన మండలమంత. దానికి 1983 నుంచి ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంది. పైగా అది సమాఖ్య కూడా. నెవిస్ దీవికి విడిగా శాసనసభ, ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్నారు. ఇరవై కోట్లు దాటిన ఉత్తరప్రదేశ్‌కు మాత్రం సమితిలో కుర్చీ లేదు.

దేశానికి ఉండాల్సిన లక్షణాలను 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం నాలుగుగా చెప్పింది: స్థిరంగా నివసించే జనం, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు పెట్టుకునే సామర్థ్యం. మొదటి మూడూ తెలంగాణకు ఉన్నాయి, టెక్సాస్‌కు ఉన్నాయి, జర్మనీలోని బవేరియా రాష్ట్రానికీ ఉన్నాయి. ఆగిపోయేది నాలుగో దాని దగ్గరే. అదే ఒప్పందం రెండో అధికరణ ఇంకో మాట కూడా తేల్చేసింది. అంతర్జాతీయ చట్టం దృష్టిలో సమాఖ్య మొత్తం కలిపి ఒక్కటే వ్యక్తి. లోపల ఎన్ని రాష్ట్రాలున్నా బయటివాళ్ళకు కనిపించేది ఆ ఒక్కటే.

దీనికీ మినహాయింపులు లేకపోలేదు. సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉండగానే ఉక్రెయిన్, బెలారస్‌లు 1945లో ఐక్యరాజ్యసమితిలో వ్యవస్థాపక సభ్యులయ్యాయి. అవి స్వతంత్రమని కాదు, స్టాలిన్‌కు అదనపు ఓట్లు కావాల్సి వచ్చాయి. ఆ మాటకొస్తే భారతదేశం కూడా స్వాతంత్ర్యం రాకముందే, అదే 1945లో, అక్కడ సభ్యురాలైంది.

కాబట్టి రాష్ట్రాన్ని దేశంతో గానీ, మరో దేశంలోని రాష్ట్రంతో గానీ పోల్చాలంటే వైశాల్యాన్ని పక్కన పెట్టి నాలుగు సంగతులు చూడండి. ఆ ప్రభుత్వాన్ని పైవాళ్ళు తీసేయగలరా? దాని అనుమతి లేకుండా సరిహద్దు మార్చగలరా? పన్ను వేయడానికీ అప్పు తేవడానికీ ఎవరిని అడగాలి? బయటి దేశంతో సంతకం చేయగలదా? కింది జవాబులన్నీ ఈ నాలుగింటి మీదే.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటున్నాడు. అక్కడ అన్నీ గవర్నరే చూస్తాడంటాడు. ఇక్కడ గవర్నరంటే సంతకాలకేనని వింటాం. ఇద్దరికీ తేడా ఏమిటి? (గుంటూరు)

మీ అబ్బాయి చెప్పే గవర్నరుకు ఇక్కడ జోడీ ముఖ్యమంత్రి. మన గవర్నరు లాంటి పదవి అమెరికా రాష్ట్రాల్లో అసలు లేదు. అక్కడి 50 రాష్ట్రాల్లో దేనికీ వాషింగ్టన్ నుంచి ఎవరినీ నియమించి పంపరు.

టెక్సాస్ గవర్నరును ప్రజలే నేరుగా నాలుగేళ్ళకు ఎన్నుకుంటారు. ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. సభలో మెజారిటీ లేకపోయినా పదవికి ఢోకా లేదు, ఎందుకంటే అవిశ్వాస తీర్మానమనేది అక్కడ లేదు. తీసేయాలంటే అభిశంసన ఒక్కటే దారి. ప్రతినిధుల సభ ఆరోపణలు మోపాలి, సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. టెక్సాస్ చరిత్రలో అలా పదవి పోగొట్టుకున్న గవర్నరు ఒక్కడే, 1917లో జేమ్స్ ఫెర్గూసన్. కాలిఫోర్నియాలో ఇంకో దారి కూడా ఉంది. తగినన్ని సంతకాలు సేకరిస్తే ప్రజలే మధ్యలో ఓటేసి దించేయవచ్చు. 2003లో గ్రే డేవిస్‌ను అలాగే దించారు.

అయితే ‘అన్నీ గవర్నరే చూస్తాడు’ అన్నది టెక్సాస్ విషయంలో సగమే నిజం. మన ముఖ్యమంత్రి మంత్రులను తనే ఎంచుకుంటాడు, వద్దనుకుంటే తీసేస్తాడు. టెక్సాస్‌లో లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్, ఖజానా చూసే కంప్ట్రోలర్, భూముల కమిషనర్, వ్యవసాయ కమిషనర్ ఎవరికి వారు విడిగా ఎన్నికై వస్తారు. వాళ్ళను గవర్నరు తీసేయలేడు. 31 మంది ఉండే సెనేట్‌ను నడిపేది లెఫ్టినెంట్ గవర్నరు కాబట్టి, ఏ బిల్లు ముందుకు కదలాలో తేల్చడంలో చాలాసార్లు ఆయన మాటే చెల్లుతుంది. శాసనసభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులకు మించకుండా సమావేశమవుతుంది. బడ్జెట్ కూడా రెండేళ్ళకు ఒకటే. గవర్నరు చేతిలో గట్టిగా ఉన్నవి రెండు: ఖర్చుల పద్దులో నచ్చని అంశాన్ని మాత్రమే కొట్టేసే వీటో, 30 రోజుల ప్రత్యేక సమావేశం పిలిచి అందులో ఏం చర్చించాలో తనే నిర్ణయించే అధికారం.

న్యూజెర్సీకి వెళ్తే కథ తిరగబడుతుంది. అక్కడ రాష్ట్రమంతా కలిసి ఎన్నుకునేది గవర్నరును, ఆయన జోడీగా నిలబడే లెఫ్టినెంట్ గవర్నరును మాత్రమే. అటార్నీ జనరల్‌తో సహా ముఖ్యమైన శాఖలకు గవర్నరే మనుషులను ఎంచుకుంటాడు. సెనేట్ ఆమోదిస్తే చాలు. అందుకే ‘అమెరికాలో గవర్నరు’ అని గంపగుత్తగా చెబితే తప్పులొస్తాయి. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర రాజ్యాంగం తీసి చూడాల్సిందే.

మన గవర్నరుకు దగ్గరి చుట్టం కెనడాలో ఉన్నాడు. అక్కడి ప్రావిన్సుల లెఫ్టినెంట్ గవర్నర్లను ఎంపిక చేసేది ఒట్టావాలోని ప్రధానమంత్రి. ఆస్ట్రేలియాలో 1986 నుంచి రాష్ట్ర ప్రీమియర్ సలహా మీదే రాష్ట్ర గవర్నరును నియమిస్తున్నారు. అంటే ముఖ్యమంత్రే తన గవర్నరును ఎంచుకున్నట్టు. మన దగ్గర రాష్ట్రపతి నియమిస్తారు, ఆయన ఇష్టమున్నంత కాలం ఉంటారు (155, 156 అధికరణలు).

నియమించి పంపిన గవర్నరు ఎన్నికైన ప్రభుత్వాన్ని తీసేస్తే ఏమవుతుందో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావే మళ్ళీ ప్రమాణం చేశారు. ఇలాంటిది మన దగ్గరే జరిగిందనుకోకండి. 1932లో ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ గవర్నరు ఫిలిప్ గేమ్ ఎన్నికైన ప్రీమియర్ జాక్ లాంగ్‌ను తొలగించాడు. మన దగ్గర సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన బొమ్మై తీర్పు తర్వాత మెజారిటీ లెక్క సభలోనే తేలాలన్నది స్థిరపడింది. రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణ వాడకం బాగా తగ్గింది. ఇప్పుడు తగువు, సభ ఆమోదించిన బిల్లులను గవర్నరు ఆపి ఉంచడం దగ్గర. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గవర్నర్లకు గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, కోర్టులు అలా గడువులు విధించలేవంది.

మీ అబ్బాయికి పనికొచ్చే మాట ఒకటి. అక్కడ హత్య, దొంగతనం, పెళ్ళి, విడాకులు, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ రాష్ట్ర చట్టాలే. మన దగ్గర భారతీయ న్యాయ సంహిత దేశమంతటికీ ఒకటే. కెనడాలోనూ నేర చట్టం కేంద్రానిదే. అమెరికాలో రాష్ట్రం మారితే పాత లైసెన్సుతో కాలం గడపడం కుదరదు. స్థిరపడిన వాళ్ళకు టెక్సాస్ 90 రోజులు ఇస్తుంది, కాలిఫోర్నియా 10 రోజులే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో ఉంది, బాగానే ఉంది. ఉద్యోగం మారేటప్పుడు జీతం అంకెను పోల్చే ముందు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న: 2014లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును తిప్పికొట్టినా రాష్ట్రం విడిపోయింది. మిగతా సమాఖ్య దేశాల్లో ఇలా సాధ్యమా? (విజయనగరం)

చాలా చోట్ల సాధ్యం కాదు. మిగతా సమాఖ్యల నుంచి భారతదేశాన్ని స్పష్టంగా వేరు చేసేది ఇదే.

మన పద్ధతి మూడో అధికరణలో ఉంది. రాష్ట్రపతి సిఫారసుతో బిల్లు పెడతారు. ముందుగా దాన్ని సంబంధిత శాసనసభకు అభిప్రాయం కోసం గడువు పెట్టి పంపుతారు. సభ ఏం చెప్పినా, చెప్పకపోయినా పార్లమెంటు ముందుకు పోవచ్చు. మామూలు మెజారిటీ చాలు. నాలుగో అధికరణ ప్రకారం దీన్ని రాజ్యాంగ సవరణగా కూడా లెక్కించరు. 2013 డిసెంబరులో బిల్లు హైదరాబాద్ వచ్చింది, గడువు 2014 జనవరి 30 దాకా పొడిగించారు, ఆ రోజే సభ దాన్ని తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలు. 2019లో జమ్మూ కశ్మీర్‌ను కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చినప్పుడు అక్కడ సభే లేదు, రాష్ట్రపతి పాలన నడుస్తోంది.

ఇదే పని స్విట్జర్లాండ్‌లో ఎలా జరుగుతుందో చూడండి. బెర్న్ కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం) ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం విడిపోతానంది. 1974లో అక్కడి జనం ఓటేశారు. 1978లో దేశం మొత్తం ఓటేసి ఒప్పుకుంది. 1979 జనవరి 1న జురా కాంటన్ పుట్టింది. అంచున ఉన్న మూటియే అనే ఊరు బెర్న్‌లోనే మిగిలిపోయింది. జనాభా 7 వేలు ఉంటుందేమో. ఆ ఒక్క ఊరి కోసం 2017లో ఓటింగ్ పెట్టారు. అక్రమాలు జరిగాయని అది రద్దయింది. 2021 మార్చిలో మళ్ళీ పెట్టారు. 2026 జనవరి 1న ఊరు జురాలో చేరింది. ఒక పట్టణం కాంటన్ మారడానికి పట్టిన కాలంలో మన దగ్గర ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్, తెలంగాణ ఏర్పడిపోయాయి.

జర్మనీలోనూ సంబంధిత ప్రాంతాల ప్రజల ఓటు తప్పనిసరి. బెర్లిన్‌ను, దాని చుట్టూ ఉన్న బ్రాండెన్‌బర్గ్‌ను కలపాలని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. 1996లో బెర్లిన్ ఓటర్లు సరేనన్నారు, బ్రాండెన్‌బర్గ్ ఓటర్లు వద్దన్నారు. అంతటితో ఆగిపోయింది. అయితే జర్మన్ రాజ్యాంగంలో ఇంకో గట్టి మాట ఉంది. ఫలానా రాష్ట్రం శాశ్వతమని లేదు గానీ, దేశం రాష్ట్రాలుగా ఉండటమనేది మాత్రం ఏ సవరణతోనూ తీసేయడానికి వీల్లేదు.

అమెరికాలో రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ, కాంగ్రెస్ రెండూ ఒప్పుకోవాలి. 1820లో మసాచుసెట్స్ ఒప్పుకుంటేనే మెయిన్ రాష్ట్రం విడిపోయింది. పశ్చిమ వర్జీనియా మాటేమిటని అడగవచ్చు. 1861లో అంతర్యుద్ధంలో వర్జీనియా తిరుగుబాటు పక్షాన చేరినప్పుడు, వీలింగ్ పట్టణంలో యూనియన్ (కేంద్రం) పక్షాన మరో వర్జీనియా ప్రభుత్వం వెలిసింది. ఆ ప్రభుత్వమే ‘రాష్ట్రం అనుమతి’ ఇచ్చింది. 1863లో కొత్త రాష్ట్రం వచ్చింది. రూలు పాటించినట్టే, పాటించనట్టే.

మరి మన రాజ్యాంగం ఇలా ఎందుకు రాశారు? 1947 నాటికి అయిదు వందలకు పైగా సంస్థానాలను కలుపుకోవాలి. మిగిలిన సరిహద్దులేమో బ్రిటిషువాళ్ళ అవసరాల కొద్దీ గీసినవి. రాష్ట్రాలకు వీటో ఇచ్చి ఉంటే 1953లో ఆంధ్ర రాష్ట్రానికైనా, 1956 పునర్విభజనకైనా ఒక్కో శాసనసభ తలూపేదాకా ఆగాల్సి వచ్చేది. ఆంధ్ర రాష్ట్రాన్ని తెచ్చిన అధికరణే 2014 విభజననూ తెచ్చింది. ఒకదానికి మెచ్చుకుని రెండోదానికి అదే అధికరణను తిట్టడం చర్చల్లో చాలా మంది చేసే పని. అయినా, కొత్తగా కలుపుకోవాల్సినవేవీ లేని ఈ రోజుల్లో కనీసం ప్రభావిత ప్రాంతాల ఓటైనా అడగకపోవడం లోటే అని మా అభిప్రాయం.

బయటికి వెళ్ళిపోయే హక్కు వేరే సంగతి. దాన్ని రాసిపెట్టుకున్న సమాఖ్యలు అరుదు. ఇథియోపియా రాజ్యాంగంలో 39వ అధికరణ ఉంది. నెవిస్‌కూ ఆ హక్కుంది గానీ ఓట్లలో మూడింట రెండొంతులు రావాలి. 1998లో సుమారు 62 శాతం వచ్చి ఆగిపోయింది. 1995లో కెనడాలోని క్విబెక్ ప్రావిన్సు విడిపోవాలన్న వాళ్ళు 49.42 శాతం. తర్వాత కెనడా సుప్రీంకోర్టు, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చలు జరపాల్సిన బాధ్యత మిగతా దేశానికి ఉంటుందని, ప్రావిన్సు ఏకపక్షంగా వెళ్ళిపోకూడదని చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు 1869లోనే టెక్సాస్ కేసులో తలుపు మూసేసింది. 2016లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం బవేరియాకూ అదే చెప్పింది.

ప్రశ్న: కాలిఫోర్నియా ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అంటారు. ఆంధ్రప్రదేశ్‌ను అలా పోలిస్తే ఏ దేశానికి సమానం? మా ప్రాంతం నుంచి ఎంతోమంది కువైట్ వెళ్తారు, కువైట్‌తో పోల్చి చెప్పండి. (రాజంపేట)

ముందు లెక్క చేసే పద్ధతి. రాష్ట్ర స్థూల ఉత్పత్తిని ‘ప్రస్తుత ధరల్లో’ తీసుకోండి, స్థిర ధరల అంకె వద్దు. అది ఏ ఆర్థిక సంవత్సరానిదో ఆ ఏడాది సగటు డాలరు రేటుతో భాగించండి, ఈ రోజు రేటుతో కాదు. మన సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, చాలా దేశాలది జనవరి నుంచి డిసెంబరు. అక్కడ ఒక త్రైమాసికం తేడా ఉంటుందని గుర్తుంచుకోండి.

2024-25లో ఆంధ్రప్రదేశ్ ఉత్పత్తి సుమారు 16 లక్షల కోట్ల రూపాయలని ప్రభుత్వ అంచనా. ఆ ఏడాది డాలరు సగటున 84 రూపాయల 50 పైసల దగ్గర ఉంది. భాగిస్తే 190 బిలియన్ డాలర్ల దాకా వస్తుంది. 2024లో కువైట్ ఉత్పత్తి దాదాపు 160 బిలియన్లు. అంటే మొత్తంలో ఆంధ్రప్రదేశే పెద్దది. ఇక్కడితో ఆపితే సోషల్ మీడియా పోస్టరు తయారవుతుంది. జనాభాతో భాగిస్తే సంగతి తెలుస్తుంది. అయిదుంబావు కోట్ల మందికి తలా 3,500 డాలర్ల చిల్లర, 50 లక్షల మంది కువైట్‌లో తలా 32 వేలు. తొమ్మిది రెట్ల తేడా. వలస ఎటు నుంచి ఎటు సాగుతుందో చెప్పేది ఈ రెండో అంకె.

అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. కొనుగోలు శక్తి లెక్కలో (దేశాల మధ్య ధరల తేడాను సర్ది చూసే పద్ధతిలో) మన అంకెలు సుమారు నాలుగు రెట్లు అవుతాయి. రాష్ట్రానికి ఆ అంకె, దేశానికి మారకం రేటు అంకె పెట్టి పోల్చిన పట్టికలు కనబడుతూనే ఉంటాయి. రెండు వైపులా ఒకే లెక్క లేకపోతే ఆ పట్టికను అక్కడే వదిలేయండి.

కాలిఫోర్నియా సంగతికొస్తే, 2024లో దాని ఉత్పత్తి 4.1 లక్షల కోట్ల డాలర్లు, జపాన్‌ది 4.02. అంకె నిజమే. కానీ జపాన్ తన కరెన్సీని తానే ముద్రించుకుంటుంది, వడ్డీ రేటు నిర్ణయిస్తుంది, దిగుమతి సుంకం వేస్తుంది. కాలిఫోర్నియా ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. అప్పులపాలైతే దివాలా పిటిషన్ వేసే వీలు కూడా అమెరికా రాష్ట్రాలకు లేదు. నగరాలకు ఉంది, 2013లో డెట్రాయిట్ వేసింది.

మన రాష్ట్రాలకు కట్టుబాట్లు ఇంకా ఎక్కువ. 293వ అధికరణ ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు చేయాలి. కేంద్రానికి బాకీ ఉంటే ఆ అప్పుకూ కేంద్రం అనుమతి కావాలి, బాకీ లేని రాష్ట్రం ఎక్కడుంది? ప్రపంచ బ్యాంకు రుణమైనా ఢిల్లీ మీదుగానే వస్తుంది. కెనడాలో అంటారియో, క్విబెక్‌లు ఒట్టావాను అడగకుండానే విదేశీ మార్కెట్లలో బాండ్లు అమ్ముకుంటాయి.

పన్నుల్లో వాటా చూడండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచదగిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ వంతు 4.047 శాతం, తెలంగాణ వంతు 2.102. అంటే ఆ కాలంలో ఆ నిధిలో చేరిన ప్రతి వంద రూపాయల్లో ఆంధ్రప్రదేశ్‌కు రూపాయి 66 పైసలు, తెలంగాణకు 86 పైసలు. సెస్సులు, సర్‌చార్జీలు అసలు ఆ నిధిలోకే రావు. జర్మనీలో ఇలాంటి బేరం ఉండదు. ఆదాయపు పన్నులో 42.5 శాతం కేంద్రానికి, 42.5 రాష్ట్రాలకు, 15 స్థానిక సంస్థలకు అని రాజ్యాంగమూ దాని వెంట చట్టమూ రాసి పెట్టాయి.

జీఎస్టీ మండలిలో మాత్రం మనది ఆసక్తికరమైన అమరిక. కేంద్రం ఓటు బరువు మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి రెండొంతులు, నిర్ణయానికి 75 శాతం కావాలి. కేంద్రం కాదంటే ఏదీ గడవదు. 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నీ హాజరై ఓటేస్తే ఒక్కోదాని బరువు 2.15 శాతం. 12 కలిసి కాదన్నా నిర్ణయం ఆగిపోతుంది, 11 చాలవు. ఇందులో ఉత్తరప్రదేశ్‌కూ సిక్కింకూ ఒకే బరువు.

ప్రశ్న: రాజ్యసభను రాష్ట్రాల సభ అంటారు. అమెరికా సెనేట్, జర్మనీ బుండెస్‌రాట్‌లకూ దీనికీ తేడా? (హనుమకొండ)

సెనేట్‌లో కాలిఫోర్నియాకూ వయోమింగ్‌కూ చెరి రెండు సీట్లు. ఆ సమానత్వాన్ని రాష్ట్రం ఒప్పుకోకుండా సవరణతో కూడా తీసేయలేరు. రాజ్యసభలో సీట్లు జనాభాను బట్టి: ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు 1. పైగా 2003 సవరణ తర్వాత అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నియమం పోయింది. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఎన్నుకునేది ఎమ్మెల్యేలే అయినా సభ్యుడు ఓటేసేది పార్టీ విప్ ప్రకారమే.

బుండెస్‌రాట్ వేరే జాతి. అందులో కూర్చునేది రాష్ట్ర ప్రభుత్వాల మంత్రులే. మొత్తం 69 ఓట్లు, రాష్ట్రానికి 3 నుంచి 6. ఒక రాష్ట్రం ఓట్లన్నీ ఒకే వైపు పడాలి. 2002లో వలస చట్టం మీద ఓటింగ్‌లో బ్రాండెన్‌బర్గ్ మంత్రి ఒకరు అవునని, మరొకరు కాదని అన్నారు. సభాధ్యక్షుడు దాన్ని ‘అవును’గా లెక్కేశాడు. అదే ఏడాది డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్నే కొట్టేసింది. మన ముఖ్యమంత్రులు నీతి ఆయోగ్ సమావేశాల్లో చెప్పుకునే గోడు జర్మనీలో అయితే ఓటు రూపంలో చెల్లుతుంది. రాజ్యసభను ‘రాష్ట్రాల సభ’ అనడం మర్యాదకే.

ప్రశ్న: దుబాయ్‌లో ఎన్నికైన ప్రభుత్వం లేదు కదా, యూఏఈని సమాఖ్య అని ఎందుకంటారు? (దుబాయ్)

సమాఖ్య అంటే అధికారం రెండు అంచెల మధ్య పంచుకోవడం. ఆ రెండు చోట్లా ప్రజాస్వామ్యం ఉండాలన్న షరతేమీ లేదు. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు (ఒక్కో పాలకుడి కింద ఉన్న ప్రాంతాలు) కలిశాయి. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో చేరింది. ఏడుగురు పాలకుల సుప్రీం కౌన్సిలే పైచేయి. ముఖ్యమైన నిర్ణయానికి అయిదు ఓట్లు కావాలి, వాటిలో అబూధాబీ, దుబాయ్ రెండూ ఉండి తీరాలి. అధ్యక్ష పదవి మొదటి నుంచీ అబూధాబీ పాలకుడిదే. చమురు ఏ ఎమిరేట్ నేలలో దొరికితే ఆ ఎమిరేట్‌దే. ఈ విషయంలో యూఏఈ ఎమిరేట్ మన రాష్ట్రాల కంటే చాలా బలమైనది. 40 మంది ఫెడరల్ నేషనల్ కౌన్సిల్ సలహాలకే పరిమితం.

మీకు అక్కరకొచ్చేది: వీసా, కార్మిక చట్టం మొత్తం దేశానివి. కానీ దుబాయ్, అబూధాబీ, రస్ అల్ ఖైమా లాంటి వాటికి సొంత కోర్టులున్నాయి, మరికొన్ని ఫెడరల్ కోర్టుల కింద నడుస్తాయి. కేసు వేసే ముందు ఏ ఎమిరేట్ పరిధిలోకి వస్తుందో చూసుకోవాలి.

రాచరికపు సమాఖ్య ఇదొక్కటే కాదు. మలేషియాలో తొమ్మిది రాష్ట్రాలకు వంశపారంపర్య పాలకులున్నారు. వాళ్ళే తమలో ఒకరిని అయిదేళ్ళకు రాజుగా ఎన్నుకుంటారు. అక్కడ సబా, సరవాక్ రాష్ట్రాలకు సొంత ఇమ్మిగ్రేషన్ అధికారం ఉంది. కౌలాలంపూర్ తెలుగువాడు సరవాక్ వెళ్ళి ఉద్యోగం చేయాలంటే, మలేషియా పౌరుడే అయినా, వర్క్ పర్మిట్ తీసుకోవాలి.

ప్రశ్న: ముఖ్యమంత్రులు దావోస్ వెళ్ళి ఒప్పందాలు చేసుకొస్తున్నారు. అది విదేశాంగ అధికారం కాదా? (విశాఖపట్నం)

కాదు. అవి కంపెనీలతో చేసుకునే అవగాహన పత్రాలు. వాటిలో చాలావాటికి చట్టబద్ధమైన బంధనం కూడా ఉండదు. దేశాల మధ్య ఒప్పందాలు కేంద్ర జాబితాలోని 14వ అంశం. 253వ అధికరణ కింద, ఒప్పందం అమలు కోసం రాష్ట్ర జాబితాలోని విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. కెనడాలో ఇది కుదరదు. ఒప్పందం ఒట్టావాదే అయినా, విషయం ప్రావిన్సులదైతే చట్టం ప్రావిన్సే చేయాలని 1937లోనే తీర్పు వచ్చింది. బెల్జియంలో ప్రాంతాలు తమ పరిధిలోని విషయాలపై నేరుగా ఒప్పందాలు చేసుకుంటాయి. 2016 అక్టోబరులో 36 లక్షల జనాభా ఉన్న వలోనియా ప్రాంతం ఒప్పుకోకపోవడంతో యూరప్, కెనడా వాణిజ్య ఒప్పందం కొన్నాళ్ళు ఆగిపోయింది. మన దగ్గర అలాంటి అడ్డు రాజకీయంగానే సాధ్యం. 2011లో పశ్చిమ బెంగాల్ కాదనడంతో బంగ్లాదేశ్‌తో తీస్తా నీటి ఒప్పందం సంతకం దాకా వెళ్ళలేదు.

ప్రశ్న: స్కాట్లాండ్‌కు సొంత ఫుట్‌బాల్ జట్టుంది, పార్లమెంటుంది. దేశమా, రాష్ట్రమా? (తెనాలి)

పేరుకు దేశమే. అయితే బ్రిటన్ ఏకకేంద్ర రాజ్యం. ఎడింబరోలోని 129 మంది సభ్యుల పార్లమెంటు, లండన్ పార్లమెంటు 1998లో చేసిన చట్టంతో పుట్టింది. చట్టపరంగా చూస్తే అదే లండన్ దాన్ని మార్చగలదు. ఫుట్‌బాల్ జట్టుకు కారణం రాజ్యాంగం కాదు. ఆ ఆట సంఘాలు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య కంటే ముందే ఏర్పడ్డాయి.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ శాసనమండలి రద్దయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ రద్దు తీర్మానం దాకా వెళ్ళింది. వేరే దేశాల్లో రాష్ట్రాలకు రెండో సభ ఉంటుందా? దాన్ని ఎవరు తీసేస్తారు? (న్యూజెర్సీ)

మీ న్యూజెర్సీతో కలిపి 49 రాష్ట్రాలకు రెండు సభలున్నాయి. నెబ్రాస్కాకు 1937 నుంచి ఒకటే, 49 మంది, బ్యాలట్ మీద పార్టీ పేరు కూడా ఉండదు. కెనడా ప్రావిన్సుల్లో ఇప్పుడు దేనికీ రెండో సభ లేదు. క్విబెక్ చివరగా 1968లో తీసేసింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 1922లోనే రద్దు చేసుకుంది. వీళ్ళంతా తమ సభను తామే, లేదా తమ ఓటర్లే, తీసేసుకున్నారు.

మన దగ్గర 169వ అధికరణ ప్రకారం శాసనసభ చేయగలిగింది తీర్మానం మాత్రమే. మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరైన వారిలో మూడింట రెండొంతులు కావాలి. ఆ తర్వాత పార్లమెంటు చట్టం చేస్తేనే పని అవుతుంది. చేయాలన్న గడువేమీ లేదు. ఆంధ్రప్రదేశ్ మండలి 1985లో పోయి 2007లో తిరిగి వచ్చింది. రెండుసార్లూ పార్లమెంటు చట్టంతోనే. 2020 జనవరిలో రద్దు కోరుతూ సభ మళ్ళీ తీర్మానించింది. పార్లమెంటు దాన్ని ముట్టుకోలేదు. 2021 నవంబరులో సభే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. 58 మంది సభ్యులతో మండలి నడుస్తూనే ఉంది.